దేవరకొండ 11

నలభైకి జరంత ఎక్కువ, గంతే ఈ రోడ్డు పొడుగు.
దేవరకొండ బస్టాండ్ల పల్లికాయ పొట్టు మీదికెంచి లేస్తది,
చండూరు అంగట్ల బర్ల కాళ్ల నడుమ
ఎటువాయెనో తెల్వకుంట ఒడుస్తది.
కిటికీ పక్క సీటు దొరికి ఒక కునుకు తీస్తే
నీకు ఈ రోడ్డు లేనట్టే.

దీని రాళ్లన్నిటికి రంగేసింది నేనే.
పచ్చ నెత్తి, తెల్ల ఒళ్లు, నల్ల అచ్చరం.
రాయికి ఇరవై రెండు రూపాయలు.
బ్రష్షు నాది, ఎండ సర్కారుది.

"ఊరి పేరు, దాని కింద అంకె.
ఇంకో ముచ్చట రాయకు మహమూదూ"
అన్నడు ఏఈ సారు.
ఆయన కాయితంల మూడే పేర్లు:
దేవరకొండ, నాంపల్లి, చండూరు.
నడుమ ఉన్నయి ఊర్లు గావా సారూ?
అడగలే.
బ్రష్షు పండ్ల నడుమ కరుసుకోని ఉన్న.

దేవరకొండ రాసుడు అల్కనే.
చండూరే సతాయిస్తది,
ఆ సున్న గుండ్రంగ రాకపోతే
ఆ పూట బువ్వ తిన్నట్టనిపియ్యదు.

పదకొండో రాయి కాడ పొద్దు నెత్తి మీదికొచ్చింది.
బత్తాయి తోట కంచె నీడకు జరిగిన.
మోకాళ్లు దగ్గరికి ముడుసుకపోయిన ఒక లంబాడి ముసలామె,
జమ్లి అట పేరు,
సత్తు గ్లాసుల నీళ్లు తెచ్చింది.
"తాగు కొడుకా, పండ్లు గారబట్టే నీళ్లు గావు.
మల్లేపల్లి కెల్లి ఆటోల తెప్పించిన."

గ్లాసు నా చేతికిచ్చి రాయి దిక్కు జూసింది.
"ఏం రాసినవ్?"
దేవరకొండ పదకొండు అని.
"మా రేగుమాను తండ ఎంత దూరమని రాసినవ్?"
ఇదే గద అవ్వా తండ!
"అవ్, ఇదే. ఎంతని రాసినవ్?"

నాకు జవాబు రాలే.
రాయి ఎనకకు పోయిన,
చెల్క దిక్కు, ఏఈ సారు జీపుకు కానరాని దిక్కు,
డబ్బల అడుగుబట్టిన నల్లరంగు గీక్కోని రాసిన:

రేగుమాను తండ
0

ఎన్నడు రానంత గుండ్రంగ వచ్చింది సున్న.

ఆమెకు సదువు రాదు.
వేలు పెట్టి దాని సుట్టు ఒకపారి తిప్పింది,
వేలుకంటిన రంగు కొంగుకు తుడుసుకున్నది.

తర్వాత రోడ్డు ఎడల్పు జేసిన్రు.
జేసీబీ వచ్చి ఒక్క పగటీలి
పదమూడు రాళ్లు వీకింది, పుచ్చిన పండ్లు వీకినట్టు.
ఇప్పుడన్ని ఇనుప బోర్డులు.
అచ్చరాలు మిషిన్ల కత్తిరిస్తరట.
రాత్రి లైటు పడితే తళతళ మెరుస్తయి.
మంచిగనే ఉన్నయి, అబద్ధమెందుకు.
నేను దుకాండ్ల షెట్టర్లకు నంబర్లేస్తున్న.

మొన్న నాంపల్లి పోతుంటే బస్సు టైరు పగిలింది.
స్టెప్నీ గూడ లేదన్నడు డ్రైవరు.
ఎండల నడిసిన, నడుస్తుంటే తండ తలిగింది.
జమ్లి లేదు. రెండేండ్లాయెనట.
బోరింగు కాడ ఆమె మనుమరాలు
బట్టలు బండకేసి కొడుతున్నది.

పచ్చ నెత్తి పలిగింది గని గుర్తువడితి.
దేవరకొండ మొగం బురదల బోర్లా పడుకున్నది.
పైకున్నది నా దొంగరాత.
'తండ' సబ్బుకు కరిగిపోయింది,
రేగుమానుల 'రే' ఒక్కటి మిగిలింది.
సున్న మాత్రం నురుగు కింద
కన్ను తెరిసినట్టే ఉన్నది.

వంగి చూస్తున్న.
"ఎవలు గావాలె?" అన్నది పిల్ల.
ఎవలొద్దు బిడ్డా, అన్న.
"మరైతే జర జరుగు,
నీళ్లు మీద వడ్తయి."