ముప్పై ఒకటో మెట్టు

యోంగ్దో కొండ మీద మా సందుకి నేల లేదు.
మెట్లున్నాయి, నలభై మూడు.
పదిహేడో మెట్టు దగ్గర పోక్‌సున్ అవ్వ గుమ్మం.
గుమ్మం ముందు ఎండ పడే చోటు
జానెడు వెడల్పు, రెండు బారల పొడవు.

కింద బస్టాపు దగ్గర ఆమెకో నూడుల్స్ కొట్టు.
రోజుకి నలభై గిన్నెలు, గిన్నెకో పిడికెడు ఉల్లికాడలు.
జానెడు నేల ఎక్కడ, నలభై పిడికిళ్లెక్కడ!

చేపల మార్కెట్టు పారేసిన థర్మాకోల్ పెట్టెలు
ఒకటొకటిగా నెత్తిన పెట్టుకుని తెస్తుంది.
అడుగున మేకుతో తొమ్మిది కన్నాలు పొడిచి
ఉప్పు వదిలేదాకా మూడు వానలు తడవనిస్తుంది.
పైన నీలిరంగులో కానాగంతల బొమ్మ,
లోపల పెరిల్లా ఆకులు.
సందులో పిల్లులు ఇప్పటికీ మోసపోతూనే ఉన్నాయి.

మిరప మొక్కల మధ్య లెట్యూస్ వేస్తుంది.
మిరప గొడుగు విప్పేలోగా
లెట్యూస్ తిని లేచిపోవాలట, బంతిలో మొదటి వరసలా.
దోసతీగకి పాత వల కట్టి
కరెంటు స్తంభం మీదికి పంపేసింది.
"పైకి పోయేదానికి అద్దె లేదు" అంటుంది.
విరిగిన బీరువా అద్దం ఒకటి గోడకి ఆనించి
మధ్యాహ్నం ఎండని విరిచి
నీడలో ఉన్న ముల్లంగికి వడ్డిస్తుంది.

ఇదంతా నాకెందుకు?
నేను ఓడల రేవులో రాత్రి డ్యూటీ వెల్డర్ని.
తెల్లవారి కళ్లల్లో ఇంకా నిప్పురవ్వలతో
మెట్లెక్కుతుంటే, ఒకనాడు
నా ముప్పై ఒకటో మెట్టు మీద ఒక పెట్టె.
మర్నాటికి రెండు.
మూడోనాడు తట్టుకుని మోకాలు చీరుకుపోయింది.
"అవ్వా, ఇది నా మెట్టు" అన్నాను.
"నీదేనయ్యా. ఎవరు కాదన్నారు?
దాని మీద ఎండే ఊరికే పోతోంది."

ఆగస్టు చివర తుఫాను వస్తుందన్నారు.
ఆ సాయంత్రం ఆమె ప్రతి తలుపూ కొట్టింది.
గడియారాలు బాగుచేసే మా సాంగ్‌చోల్ ఇంట్లో పదకొండు పెట్టెలు.
నర్సింగ్ చదివే ఇన్‌హే మంచం కింద ఆరు.
చేతులు చాపితే రెండు గోడలూ తగిలే నా గదిలో
నాలుగు మిరప, రెండు లెట్యూస్.
రాత్రంతా బయట కొండని ఎవరో ఊడబెరుకుతున్నట్టుంది.
లోపల గాలి లేకుండానే ఆకులు కదిలాయి.
చేపల వాసన, తడిమట్టి వాసన,
వాటి మధ్య ఒదిగి పడుకున్నాను,
నేనే ఏడో పెట్టెనన్నట్టు.
మూడింటికి టార్చి వేస్తే
నా వెల్డింగు ముసుగు అద్దం మీద
ఒక నత్త, తొందరేమీ లేకుండా.

తెల్లారేసరికి వల లేదు, అద్దం లేదు.
గుమ్మడికాయ ఒకటి
ఎవరిదో ఇంటికప్పు మీద దొరికింది.
అవ్వ పెట్టెల కోసం వచ్చింది.
లెక్కపెట్టింది. తీసుకోలేదు.
నా కిటికీ వంక చూసి అడిగింది:
"ఇక్కడ ఎండ ఎంతసేపుంటుంది?"
"తెలీదు. పగలు నిద్రపోతాను."
"చూసి చెప్పు."

సెలవు రోజున మేలుకుని చూశాను.
ఆరేళ్లుగా ఉంటున్న గదిలోకి
పది ఇరవైకి వస్తుంది,
ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకి వెళ్తుంది.
ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు సాంగ్‌చోల్‌కీ నాకూ రోజూ తగువు.
ఆయన కిటికీకి సాయంత్రం నలభై నిమిషాలే.
దానికి ఉల్లికాడలు చాలని ఆయన,
చాలవని నేను.
ఆయన గడియారం తెచ్చి మరీ వాదిస్తాడు.
నలభై గిన్నెలకీ కాడలు సరిపోతున్నాయో లేదో
అవ్వ చెప్పదు.
నా గిన్నెలో మాత్రం కొంచెం ఎక్కువే తేలుతున్నాయి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి.
మొదటి రోజు ఆకలి మీద
లెట్యూస్ మొక్కని వేళ్లతో సహా పీకేశాను.
కింది ఆకులు గిల్లుకుంటే
మంచు పడేదాకా తినొచ్చట.
అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.