నూటికి డెబ్భై

పార్కింగులోనే వంగి ఆమె బూటు లేసు కట్టేస్తాను,
ఎడమ కాలిది, రెండు ముళ్లు.
కోటు బొత్తాలు కూడా, కింద నుంచి పైకి.
షెఫీల్డ్ వాన ఏటవాలుగా పడుతుంటుంది,
ఊరే ఏటవాలు కదా.
"ఏమిటా తొందర" అంటుంది హైమ.
చెప్పను.

లోపల అడుగుతారు:
మీ టీ మీరే పెట్టుకుంటున్నారా,
మీ బట్టలు మీరే తొడుక్కుంటున్నారా,
మెట్ల మధ్యలో ఆగుతున్నారా.
వాటికి నూటికి ఇన్నని మార్కులు.
డెబ్భైకి కిందైతే ఒక దారి, పైనైతే ఒక దారి.
రాత్రి రెండింటికి ఫ్రిజ్ తలుపు వెలుతురులో
నిలబడి చదివాను ఆ సంగతి.

ఇంకా చదివాను.
తలలో మచ్చలు ఎన్ని అన్నది ఒకటి.
మూడు. పెద్దది పెసరగింజంత,
చిన్నది ఆవగింజలో అరభాగం.
రొమ్ములో మొదట పుట్టిన కణం ఏ జాతిది,
ఏ మందుకు తలొగ్గుతుంది అన్నది ఇంకొకటి.
కాలేయం నిమ్మళంగా ఉందా? ఎముకలు?
వయసెంత?
యాభై మూడు. అక్కడేదో కాస్త కోత పడింది.
జాతకం వేసిన మా తాతయ్య కూడా
ఇన్ని గళ్లు గియ్యలేదు.

ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లోనే లెక్కలు చెప్పింది,
మోకాళ్లకి ఫుట్‌బాల్ మట్టితో వచ్చి కూర్చునే పిల్లలకి.
గ్రేస్ మార్కు ఒక్కటీ వెయ్యలేదు.
ముప్ఫై తొమ్మిది ముప్ఫై తొమ్మిదే,
నలభై వేస్తే వాడి మీద జాలి, లెక్కకి అబద్ధం
అనేది.

డాక్టర్ అడెయెమి అడిగింది, బట్టలు మీరే...
నేను "ఆ" అనేలోపు
హైమ వంగి లేసు కొస పట్టుకు లాగింది.
నా రెండు ముళ్లూ విడిపోయాయి.

అప్పుడు కట్టడం మొదలుపెట్టింది.
కుడిచెయ్యి మాట వింటోంది, ఎడమది వినడం లేదు.
ఉచ్చు వేస్తే జారింది.
మళ్లీ వేసింది.
జారింది.
గదిలో ముగ్గురం, నాలుగోది గోడ గడియారం.
నా చేతులు నా తొడల కింద నొక్కిపెట్టి కూర్చున్నాను.
నాలుగు నిమిషాలకి పడింది ముడి,
వీధికుక్క చెవుల్లా ఒకటి నిక్కి, ఒకటి వాలి.

"డెబ్భై" అంది డాక్టరు రాసుకుంటూ.
గీత మీదే.
తలెత్తి, "ఇక్కణ్ణుంచి పైకి ఎక్కినవాళ్లని చూశాను" అంది.
ఎందరినో చెప్పలేదు. మేం అడగలేదు.
ఒక్కో మచ్చకీ గురిపెట్టి రేడియేషన్,
ఆ తర్వాత మాత్రలు.
మంగళవారం ముఖానికి మాస్కు కొలతలు.

కారులో నా నోరు ఆగలేదు.
ఎన్ని నెలలని చదివానో చెప్పేశాను.
మధ్యగతం, అన్నాను, తప్పు చేసినవాడిలా.
ఆమె అద్దం మీద ఆవిరిలో ఒక గీత గీసింది,
వంకరగా, ఎడమచేత్తో, కావాలనే.
"మధ్యగతం గోడ కాదు.
వరసలో మధ్యన నిలబడ్డ పిల్లాడు, అంతే.
వాడికి అటుపక్క
సగం క్లాసు ఉంటుంది."
"ఆ సగంలో ఎవరెవరో..."
"పేర్లు రాయరు" అంది.

కొంతసేపు వాన.
తర్వాత,
"వైపర్ వెయ్యి, ముందేం కనపడ్డం లేదు.
ఇంటికెళ్లాక టీ నేను పెడతాను.
పాలు ఒలుకుతాయి.
నువ్వు వంటింట్లోకి రాకు."