ముప్పై ఏడు డిగ్రీలు

నా నెత్తురు గొట్టాన్ని
చంకల ఇరికిచ్చుకొని నడుస్తది బద్రియా సిస్టర్.
కారిడార్ల ఏసీ పద్దెనిమిది మీద ఉన్నది.
పెట్టింది నేనే, పోయిన మంగళవారం.
సల్లవడితే పేరుకుంటది లింబ్దారీ, నీ నెత్తురు
నెయ్యి లెక్క, అంటది.
నా పేరు లింబాద్రి. ఆరేండ్లసంది గట్లనే పిలుస్తది.
ఇంత ఎచ్చగ నన్నెవలు మోసిండ్రని
గొంతుదాక వచ్చింది ఒక మాట.
మింగిన.

పురుగు సచ్చి ఆరేండ్లు.
పన్నెండు వారాలు, దినానికొక గోలి.
ఆ డబ్బాలు పారెయ్యలే,
ఫ్యూజులు, సన్న స్క్రూలు ఏసుకుంటున్న.
సుడాన్ సారు ముతసిమ్
కాయిదం మీద వేలు వెట్టి
లేదు, అన్నడు అరబ్బీల. మల్ల హిందీల.
ఆ రాత్రి రువీ రూముల
ఎనిమిది మందికి బిర్యాని తినిపిచ్చిన.
ఎందుకో చెప్పలే.

మర్సటేడు సారే అన్నడు:
దొంగ పోయిండు గని
కుక్కలు మొరుగుడు బంద్ చెయ్యలే.

మత్రా చేపల గోదాముల
కాయిల్ మార్చిన దినం
పిక్కల మీద కందిపప్పు ఆరవోసినట్టు
ఎర్రటి సుక్కలు.
మూడు దినాలకు మాగిన రంగు, తర్వాత మన్ను రంగు.
పొద్దుగాల ఉచ్చల నురుగు సూసుకునుడు
పండ్లు తోముకునుడంత అలవాటైంది.

జూన్ నెల. మబేలాల మిద్దె మీద
కంప్రెషర్ ఇప్పుతుంటే చెప్పు తెగింది.
సిమెంటు మీద వట్టి కాలు, ఎంతసేపో తెల్వది.
మొత్తుకున్నది ఇద్రీస్.
కాలు నాది,
కేక వానిది.

ఫోన్ల రాజవ్వ అడుగుతది,
తగ్గిందంటివి గదా,
మల్ల దవాఖాన ఎందుకు?
మా ఊర్లె మస్కట్ అన్నా దుబాయే.
తగ్గింది అన్నా పోయింది అన్నా ఒక్కటే.
ఎట్ల చెప్పాలె,
చెరువు తగ్గింది అంటం గదనే,
అంటే చెరువు లేదనా?
అటు దిక్కు సప్పుడు లేదు.
మల్ల మెల్లగ, నీళ్లు తాగుతున్నవా, అన్నది.

గొట్టం లోపలికి వోయింది.
ముందుగాల ఎచ్చటి నీళ్లల్ల, తర్వాత ఫ్రిజ్‌ల, ఏడు దినాలు.
అడుగున తెల్లగ ఏమన్న దిగిందా అని సూస్తరు.
మొన్నటేడు బొటనేలు గోరంత దిగింది.
నిరుడు చిటికెనేలు గోరంత.
ఈయేడు సంగతి
వచ్చే ఆదివారం.

ఆ ఫ్రిజ్ గుడ నేను బాగు చేసిందే.
గ్యాస్ నింపిన, తలుపు రబ్బరు మార్చిన,
నాలుగు డిగ్రీల మీద కదలకుంట నిలవడ్తది,
నా పనికి నేను గ్యారంటీ ఇస్త.

బైట నలబై ఆరు.
బస్సు కోసం నిలవడ్డ
రెండు జతల సాక్సులేసుకొని.
పక్కన పంజాబీ ముసలాయన
నా కాళ్ల దిక్కు సూసి నవ్విండు.
బస్సుల సల్లగుంటది చాచా, అన్న.