తొమ్మిది నీళ్లు

ఒక్క జెల్ల చాలన్నాను.
"ఒక్కదాన్ని అమ్మను. ఆరు,
లేదంటే ఊరికే వెళ్లు" అన్నాడు
డండీ వంతెన కింద కొట్లో ముసలి గ్రెగర్.

పైన నియాన్ చేపల హడావిడి వీటికి పట్టదు.
ఎవరిదో ముక్కుపుడక జారిపోయినట్టు
అడుగంతా మీసాలతో తడుముతాయి.

మొదట గులకరాళ్లు పోశాను, తెలివితక్కువ.
మీసాలు అరిగాయి.
ఆదివారమంతా బకెట్లో ఇసుక కడిగాను
బియ్యంలా, తొమ్మిది నీళ్లు.

వాటి నీళ్లు ఇరవై నాలుగు డిగ్రీలు.
నా గది పదహారు.
మీటర్లో నాలుగు పౌండ్లున్నాయి, శుక్రవారం దాకా.

రాత్రి డ్యూటీ దిగొచ్చేసరికి
ఒకటి రివ్వున పైకెళ్లి, గుక్కెడు గాలి మింగి,
దిగుతూ నాకు కన్ను కొట్టింది.

ఐదే లెక్కకొచ్చాయి.
దుంగ కింద ఆరోదాని మీసం కదిలేదాకా
బూట్లు విప్పలేదు.