నీ ఇట్టం

బరంపురం సెషన్సు కోర్టులో
పదకొండేళ్ళు దుబాసీని నేను.
వెయ్యి అబద్ధాలు సాఫీగా తర్జుమా చేశాను,
ఒక్కటీ నా నిద్ర చెడగొట్టలేదు.

దాలమ్మకి పంతొమ్మిది.
పర్లాకిమిడి చిన్న రైలుకి బొగ్గు వేసే కూర్మయ్య
ఆ బొగ్గు పారతోనే దాని మొగుణ్ణి చంపి
మహేంద్రతనయ ఇసకలో పూడ్చాడు,
పూడ్చిన చోటే తన చెప్పులు మరిచిపోయాడు.
దేనికీ బొంకలేదు వాడు.
"ఆడి అడ్డు తీసేత్తానే అన్నాను బాబూ."
మరి అదేమంది?
"నీ ఇట్టం అంది."

దొర కలం ఎత్తి నా వంక చూశాడు.

బియ్యం కడుగుతూ, తలెత్తకుండా అందిట.
మా ఆవిడ రోజూ అంటుంది ఆ మాట,
కూర వంకాయా బెండకాయా అంటే,
అలిగి గోడవైపు తిరిగినప్పుడు,
నేనెలాగూ విననని తెలిసి విసిగిపోయినప్పుడు.
సరే అనడానికీ అదే,
నీ చావు నువ్వు చావు అనడానికీ అదే.
ఇంగ్లీషులో అంత చోటు లేదు.
పంకా తాడు కిర్రుమంటోంది. భోజనాల వేళ.
"ఒప్పుకుంది" అన్నాను.

బోనులో ఆ పిల్ల నా నోటికేసి చూస్తోంది,
తన మాట ఏ ఆకారంలో బయటికొచ్చిందోనని.

కూర్మయ్యకి ఉరి. దానికి యావజ్జీవం, రాజమండ్రి.
తీర్పు కూడా నేనే తెలుగు చేసి చెప్పాను.
ఏమైనా చెప్పుకుంటావా అని అడిగాను,
అడగమన్నారు గనక.
కొంగు ముడి విప్పి, మళ్ళీ వేసుకుని
"తవరిట్టం బాబూ" అంది.

ఏమందని అడిగాడు దొర.
ఏమీ లేదన్నాను.