వాన ఆగేలోపు

ఈస్ట్‌బోర్న్‌లో జూన్ నెలంటే
పూటకోసారి మాట మార్చే ఆకాశం.
రెండో కోర్టు మీద పట్టా కప్పేశారు.
ఇక నా టీ కొట్టు రేకుల కింద
అసలు మ్యాచి మొదలైంది.

పెద్ద పోటీ వచ్చే సోమవారం, లండన్లో.
డ్రా ఇంకా తియ్యనే లేదు.
ఆలూ లేదు, చూలూ లేదు,
వీళ్ళు మాత్రం అప్పుడే
వెండి పళ్ళెం మీద పేరు చెక్కేస్తున్నారు.

"ఓస్కార్సెన్‌కి తిరుగులేదు," అంది మిసెస్ టిడ్స్‌వెల్.
నలభై ఏళ్ళు తపాలాఫీసులో ముద్రలు కొట్టిన చెయ్యి
బల్ల మీద మరో ముద్ర కొట్టింది.

డెల్రాయ్ ఊరుకుంటాడా?
"మట్టి మీద మహారాణి, ఒప్పుకుంటా.
పచ్చిక మీద చూశావా ఆమెని?
సబ్బు నీళ్ళలో దిగిన పిల్లి.
తన పాదాన్ని తనే నమ్మదు.
నా పౌను హ్రబాకొవా మీద.
ఆ ఎడమచేతి కోతకి
బంతి నేల తాకాక లేవడం మరిచిపోతుంది."

"ముప్పై ఆరేళ్ళు దానికి!"

"నీకు డెబ్బై. నోరేమైనా తగ్గిందా?"

నవ్వుల్లో సగం టీ ఒలికింది.
తుడిచింది నేను.

లూయిస్ నుంచి వచ్చిన ఫార్దింగ్‌గారు పళ్ళ డాక్టరు,
కోడిగుడ్డుకి ఈకలు పీకి, వాటిని లెక్కపెట్టి,
పుస్తకంలో రాసుకునే మనిషి.
మొదటి సర్వీసు ఇంత శాతం,
తేమ ఉన్న రోజున ఇంత,
ఎదర గాలైతే ఇంత,
అన్నీ కూడి, తీసివేసి,
ఎవరూ వినని ఒక రుమేనియా పేరు చెప్పాడు.
మర్యాదకి అందరూ తలూపారు.

నాకా, టెన్నిస్ తెలీదు.
ఎవరి కప్పులో ఎన్ని చెంచాలో తెలుసు.
చివరి కుర్చీలో మిస్ క్రాడక్‌కి
చక్కెర వద్దు, పాలు ఒక్క చుక్క.
ఎనిమిదేళ్ళుగా వస్తుంది.
చేతికర్రని గోడకి ఆనించి
వానని చూస్తుంది, కోర్టుని చూసినంత శ్రద్ధగానే.

"మీరేమంటారు?" అని అడిగారెవరో,
అడగకపోతే బాగుండదని.

"మీరంతా చేతుల సంగతే మాట్లాడుతున్నారు," అందామె.
"గడ్డి అడిగేది మోకాళ్ళని.
గడ్డిపోచే కదా అని తీసెయ్యకండి.
దాని ముందు వంగని వాళ్ళని
అదే వంచుతుంది."

"ఏ లెక్క ప్రకారం?" ఫార్దింగ్ పెన్సిలు ఆగింది.

ఆమె గౌను అంచు జానెడు పైకి తీసింది.
మోకాలి చిప్ప మీద అడ్డంగా
తెల్లటి కుట్ల దారి.
"ఈ లెక్క. డెబ్బై రెండులో.
తొమ్మిదో కోర్టు, నలభై ఒక్క నిమిషాలు.
చూసినవాళ్ళు పదకొండు మంది. అందులో మా అమ్మ."

రేకుల మీద వాన ఒక్కటే మాట్లాడింది కాసేపు.

తర్వాత బిస్కెట్ల డబ్బా తిరిగింది.
తలా ఒక పౌను, తలా ఒక చీటీ.
చీటీ మడతపెట్టేటప్పుడు
డెల్రాయ్ రెండుసార్లు పేరు కొట్టేసి రాశాడు,
నేను చూడలేదనుకున్నాడు.

వెలుగొచ్చింది. పట్టా లాగేస్తున్నారు,
ఆరుగురు కుర్రాళ్ళు, ఒక దుప్పటి తీసినట్టు.
కుర్చీలు పట్టుకోవడానికి అందరూ పరుగు.
ఆమె కర్ర చప్పుడు అందరికన్నా వెనక.

పందెం డబ్బా కాపలా నాదే.
చీటీలు విప్పకూడదు. విప్పాను.
ఓస్కార్సెన్ నాలుగు, హ్రబాకొవా మూడు,
రుమేనియా ఒకటి.

వణుకుతున్న అక్షరాల్లో ఆఖరుది:
ఎల్స్‌పెత్ క్వేల్.

ఆ పిల్ల మొన్ననే క్వాలిఫయింగ్‌లో ఓడింది.
పొద్దున రేడియోలో చెప్పారు, ఒక్క వాక్యం.
ఈపాటికి రైలెక్కి
ఇంటికి పోయి ఉంటుంది.

ఆమె రేడియో వినలేదేమో.
విన్నదేమో.

మడత ఉన్నట్టే మడిచి
పౌను మీద పెట్టి మూత వేశాను.
అవతల ఎవరో సర్వీసు చేశారు.
తడి గడ్డి మీద ఆ చప్పుడు
పొడి రోజుల్లో వినిపించినట్టుండదు.