జరగని బొమ్మ

గెగా కార్డుని పాత స్వెట్టర్‌లో చుట్టి తెచ్చాడు
దెబ్బతిన్న పిల్లిని తెచ్చినట్టు.
"పావుగంట బాగానే ఉంటుంది పిన్నీ,
తర్వాత ఆటంతా కుంటుతుంది."

కుతాయిసిలో ఇలాంటివి చాలా చూశాను.
ఏ గోదాములోనో రెండేళ్లు
రాత్రనక పగలనక నాణేలు తవ్విన కార్డు.
బొమ్మలు గీయడానికి పుట్టినదాన్ని
ఒక్క బొమ్మా గీయనివ్వకుండా
గనిలోకి దించేశారు.

మరలు విప్పాను. ఏడు.
ఎనిమిదోదాన్ని నాకంటే ముందెవరో పోగొట్టారు.
ఫ్యాన్ రెక్కలకి బూడిదరంగు బొచ్చు.
చిప్పు మీద పేస్టు
అడుగంటిన పాలలా పెచ్చులు లేచింది.
మెమరీ ప్యాడ్లు నూనె చెమట పోస్తున్నాయి.
ఇంట్లో కాచిన సారాతో తుడవమంటాడు పక్క కొట్టు జురాబ్,
మిగిలింది తను తాగొచ్చని.
నేను మందులషాపు స్పిరిట్టే వాడతాను.

బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి,
వోల్టేజి తగ్గించాను.
వాడు నొచ్చుకున్నాడు, "తగ్గిస్తే ఎలా పిన్నీ?"
మేత తగ్గిస్తే పరుగు పెరిగే జీవాలు
కొన్నుంటాయిరా.
ఎనభై తొమ్మిది డిగ్రీల నుంచి డెబ్బై ఒకటికి దిగింది జ్వరం.
కుంటు పోయింది.

అయినా ఆశ తీరలేదు.
సెకనుకి యాభై రెండు బొమ్మలు.
లెవానీ వాళ్లింట్లో నూరట.

సరే, సెట్టింగుల్లో ఆ మీట నొక్కాను,
రెండు నిజం బొమ్మల నడుమ
జరగని బొమ్మొకటి అల్లిపెట్టే మీట.
తెర మీద నది నునుపు తేలింది.
గుర్రం జూలు విడివిడిగా ఎగిరింది.
కత్తి తిప్పినప్పుడు మాత్రం
దాని వెనక ఇంకో కత్తి, పొగలా,
రెప్పపాటు నిలిచి పోయింది.

"ఇందులో సగం అబద్ధం, తెలుసా?"
"బాగుంది కదా," అన్నాడు.

బాగానే ఉంటుంది.
నేను నీ అంత ఉన్నప్పుడు
ఈ ఊళ్లో కరెంటు చుట్టంచూపుగా వచ్చేది.
ఒక చలికాలం, మ్యాచ్ నడుస్తుండగా
బంతి గాల్లో ఉండగా పోయింది.
కిరసనాయిలు పొయ్యి చుట్టూ అందరం కోట్లతో,
చీకట్లో నాన్న ఆట కొనసాగించాడు.
"ఇదిగో, ఎడమ పక్క నుంచి వస్తున్నాడు, ఒకణ్ణి దాటాడు..."
నోటితోనే గోలు కొట్టించాడు మావాళ్లచేత.
మేం అరిచిన అరుపుకి కిటికీ అద్దాలు అదిరాయి.

చాలా ఏళ్లకి తెలిసింది.
ఒతార్ ఇల్లు ఆసుపత్రి లైను మీద ఉండేది,
వాళ్లకి కరెంటు పోలేదు.
ఆట అయ్యీ అవగానే వచ్చి తలుపు తట్టాడట,
మనం ఓడిపోయామని చెప్పడానికి.
నాన్న గుమ్మంలోనే ఆపాడట అతన్ని:
"రెండు నిమిషాలాగు ఒతార్, ఇప్పుడే గోలు పడుతోంది."

ఈ మీట చేసేదీ అదే గెగా.
తర్వాతి నిజం బొమ్మ అప్పటికే వచ్చేసి ఉంటుంది.
దాన్ని బయట నిలబెట్టి
అల్లిన బొమ్మని ముందు లోపలికి పంపుతుంది.

వాడు విన్నాడో లేదో.
మౌసు కదిపి, ఆగి, మళ్ళీ కదిపి
"కంటికి బాగుంది గానీ
చేతికి కాస్త వెనకపడుతోంది పిన్నీ."

మాకూ అంతే.
గోలు పడింది గానీ
కాళ్ల దగ్గర చలి అలాగే ఉంది.

"తీసేయనా?"
ఆలోచించాడు.
బయట వాన రియోనీ రాళ్లని తెల్లగా కడుగుతోంది.
"ఉండనీ."

ఎనిమిదో మర కోసం డబ్బా అంతా వెతికి
ఏదో పాత రేడియోది దొరికితే బిగించాను.
దానిది కాదు.
పట్టుకుంది.